వెంకయ్య తిప్పి పంపిన పడవ

పీతలదిబ్బ వెంకయ్యకు ఉపన్యాసాల పిచ్చి. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఆ ఊళ్ళో కల్లు పిచ్చి ఉన్నవాళ్ళున్నారు, కోడిపందేల పిచ్చి ఉన్నవాళ్ళున్నారు. వాటితో పోలిస్తే వెంకయ్యది కాణీ ఖర్చు లేని పిచ్చి. సూళ్ళూరుపేటలో మీటింగని తెలిస్తే చాలు, అది కాంగ్రెసుదా కమ్యూనిస్టులదా అని కూడా అడగకుండా వల ఆరేసి, చొక్కా తొడుక్కుని నడక మొదలుపెట్టేవాడు. ముందు వరసలో నేల మీద గొంతుక్కూర్చుని, నోరు కొంచెం తెరిచి, చివరిదాకా వినేవాడు. అక్షరం ముక్క రాదు గానీ విన్నది మర్చిపోయేవాడు కాదు. మర్నాడు వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళకు ఆ ఉపన్యాసమంతా ఒప్పజెప్పేవాడు. వక్త దగ్గిన చోట వెంకయ్య కూడా దగ్గుతాడని ఊళ్ళో ఎగతాళి.

పీతలదిబ్బ పులికాట్ సరస్సు ఒడ్డున, నెల్లూరు జిల్లా దక్షిణపు కొసన ఉన్న పల్లె. అన్నీ చేపల మీద బతికే కుటుంబాలే. వెంకయ్య ఆ ఊరికి పెద్ద. ఆస్తి చూసి ఇచ్చిన పెద్దరికం కాదది. తండ్రి పెద్దగా ఉండేవాడు, కొడుకయ్యాడు, అంతే. దానికి తోడు ఒకసారి మాటంటే వెనక్కి తీసుకోడన్న పేరొకటి ఉండేది. ఆ పేరంటే వెంకయ్యకు ప్రాణం. మంచి మాటకైనా చెడ్డ మాటకైనా అదే పట్టుదల చూపిస్తాడని భార్య కామమ్మ అనేది. ఆమె దెప్పుళ్ళను పొగడ్తలుగా తీసుకునే విద్య వెంకయ్యకు పెళ్ళైన కొత్తలోనే పట్టుబడింది.

కామమ్మ పుట్టిల్లు పొన్నకుప్పం. అది సరస్సుకు దక్షిణాన, నీళ్ళు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉంది. ఆమె పుట్టినప్పుడు రెండూ ఒకే రాష్ట్రంలోని ఊళ్ళు. తర్వాత ఆంధ్ర వేరుపడి, పీతలదిబ్బ ఇటు, పొన్నకుప్పం మద్రాసు రాష్ట్రంలో అటు అయ్యాయి. గీత గీసిందెవరో గానీ నీళ్ళ మీద ఎవరికీ కనపడలేదు. ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఇళ్ళల్లో సగం అరవం, సగం తెలుగు. అరవై ఒకటిలో జనాభా లెక్కలకు వచ్చిన పంతులు సంజీవరావు నీ మాతృభాష ఏదమ్మా అని అడిగితే కామమ్మ కాసేపు ఆలోచించి, బిడ్డల్ని తిట్టింది తెలుగులో, జోకొట్టింది అరవంలో, ఏది రాసుకుంటారో రాసుకోండి అని చెప్పి తన పని చూసుకుంది. సంజీవరావు వెంకయ్య మొహం చూసి తెలుగని రాసుకుని పోయాడు.

ఆ నీళ్ళల్లో ఒక పాత కట్టుబాటు ఉండేది. వర్షాకాలం పోయాక రొయ్యలు సముద్రం నుంచి పోటుతో లోపలికి వచ్చి, ఆటుతో తిరిగి మొగ దగ్గర గుంపులుగా బయటికి పోతాయి. అక్కడ వల కట్టినవాడికి పంట. అందుకని ఈ ఒడ్డు పల్లెలు, ఆ ఒడ్డు పల్లెలు కలిసి చీట్లు వేసుకుని, ఏ రోజు ఎవరు మొగ దగ్గర వల కట్టాలో వంతులు పెట్టుకునేవి. ఉత్తరపు వైపు నీళ్ళు లోతు తక్కువ. ఎండలు ముదిరితే పీతలదిబ్బ ముందు సరస్సు ఎండిపోయి నెర్రెలిస్తుంది. ఆ రోజుల్లో ఆ ఊరు బతికేది మొగ దగ్గరి వంతు మీదే. ఇది చంటిపిల్లాడికి కూడా తెలిసిన సంగతి. వెంకయ్యకూ తెలుసు. అయినా మర్చిపోయాడు, ఎలాగో చెబుతాను.

మద్రాసు వైపు ఒక పార్టీ వాళ్ళు ద్రవిడనాడు కావాలని సభలు పెడుతున్న రోజులవి. అరవం, తెలుగు, కన్నడం, మలయాళం మాట్లాడే దక్షిణాది అంతా ఢిల్లీ నుంచి విడిపోయి వేరే దేశం కావాలన్నది వాళ్ళ వాదం. తెలుగు దేశంలో ఆ మాటకు పెద్దగా చెవులు దొరకలేదు గానీ, సూళ్ళూరుపేట మద్రాసుకు దగ్గర గదా, అక్కడ రోజూ రచ్చే. రచ్చకు వేదిక జయరామయ్య సోడా దుకాణం. జయరామయ్య మద్రాసులో మిల్లు పని చేసి వచ్చినవాడు, విడిపోవాలన్న పక్షం. సంజీవరావు పంతులు కలిసుండాలన్న పక్షం. ఇద్దరూ సాయంత్రమయ్యేసరికి జబ్బలు చరుచుకునేవాళ్ళు. ఫ్యాక్టరీలన్నీ ఉత్తరాదికి పోతున్నాయి, హిందీ తెచ్చి మన నెత్తిన రుద్దుతారు అని జయరామయ్య. మద్రాసుతో వేగలేక మొన్ననే గదా విడిపోయాం, మళ్ళీ వాళ్ళతోనే కలిసి ఇంకో దేశమా అని పంతులు. రాష్ట్రం విడిపోతే తప్పు కాదు గానీ దేశం విడిపోతే తప్పా అని జయరామయ్య ఎదురడిగితే పంతులు కాసేపు నీళ్ళు నమిలేవాడు. నమలడానికి నీళ్ళు కూడా జయరామయ్య సోడాలే. ఒకసారి ఎవడో కుర్రకుంక, ఎండు చేపల వ్యాపారం చేసే చోటే సాహెబ్‌ను పట్టుకుని నీకేం సాయిబూ, నీ దేశం వేరే ఉంది గదా అన్నాడు. చోటే సాహెబ్ నవ్వి, నా తక్కెడ యాడుంటే నా దేశం ఆడేనని చెప్పి, సోడా సగంలో వదిలి వెళ్ళిపోయాడు. ఆ రోజు జయరామయ్యా పంతులూ ఇద్దరూ కలిసి ఆ కుర్రవాణ్ణి తిట్టారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద ఉండగా చూడటం అదొక్కసారే.

వెంకయ్య మొదట రెండు పక్షాలూ విన్నాడు. రెండూ బాగానే ఉన్నాయనుకున్నాడు. అంతలో నెల్లూరు నుంచి ఒక పెద్ద వక్త వచ్చి, దేశాన్ని చీల్చాలనేవాళ్ళతో పొత్తు పెట్టుకున్నవాడు కూడా దేశద్రోహేనని గంటసేపు గర్జించాడు. ఆ మాట వెంకయ్య గుండెల్లో నాటుకుంది. దానికి తోడు పొన్నకుప్పంలో కొందరు తమ పడవలకు ఆ పార్టీ నలుపు ఎరుపు జెండాలు కట్టుకుని తిరుగుతున్నారు. వాళ్ళల్లో కామమ్మ తోడబుట్టిన అన్న మాణిక్యం ఒకడు. మాణిక్యానికి రాజకీయం ఎంత తెలుసో దేవుడికెరుక. జెండా మాత్రం కొత్తది, గాలికి బాగా ఎగిరేది.

మర్నాడు వెంకయ్య ఊరి పెద్దలను పిలిచి, దేశాన్ని చీల్చేవాళ్ళతో మనకు వంతులేంటని అడిగాడు. వక్త గొంతుతోనే అడిగాడు, దగ్గు కూడా వదల్లేదు. జనం ఊగిపోయారు. పొన్నకుప్పం వాళ్ళతో ఉన్న వంతుల పొత్తు నుంచి పీతలదిబ్బ బయటికి వచ్చేసింది. దేశం కలిసుండాలనే ఆవేశంలో తాతల నాటి నీళ్ళను రెండు ముక్కలు చేశారన్నమాట. అందులో ఉన్న తమాషా ఆ రోజు ఒక్కరికీ తట్టలేదు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ పడవల మీద జెండాలు దిగేదాకా అక్కడి పడవ ఏదీ ఈ ఒడ్డుకు తగలకూడదు, ఇక్కడి పడవ ఆ ఒడ్డుకు పోకూడదని వెంకయ్య దురాయి వేశాడు. దురాయి అంటే ఊరి పెద్ద నోటి మాట మీద నడిచే కట్టడి. దాన్ని దాటిన ఇంటికి నిప్పూ నీళ్ళూ ఎవరూ ఇవ్వరు.

ఆ రాత్రి అన్నం పెడుతూ కామమ్మ ఒక్కసారే అడిగింది.

"దేశం సంగతి దేశం జూసుకుంటది. మా అమ్మ యాడుండాదో నీకు తెలుసు గదా మామా."

రెండు నెల్ల మాటేలే, వాళ్ళే దిగొస్తారని వెంకయ్య అన్నాడు. కామమ్మ తల్లి పేరు పిచ్చమ్మ. డెబ్బై దాటిన మనిషి. అల్లుడంటే ఆమెకు కొడుకు కన్నా ఎక్కువ. వెంకయ్య వస్తున్నాడంటే, పళ్ళు లేని ముసలిది తను తినలేకపోయినా మంచి పీతలు ఏరి పులుసు పెట్టేది.

ఎండలు వచ్చాయి. ఊరి ముందు నీళ్ళు వెనక్కి పోయాయి. మొగ దగ్గర రొయ్య పడుతోందని గాలి మీద కబురు వచ్చేది. పీతలదిబ్బ వాళ్ళు మోకాలి లోతు నీళ్ళల్లో చిన్న చేపలు దేవుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. దురాయి ఎత్తెయ్యమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తనంతట తను ఎత్తేస్తే మాట పోతుందని వెంకయ్య భయం.

అలా ఉండగా ఒకనాటి పొద్దున పొన్నకుప్పం వైపు నుంచి పడవ వచ్చింది. వెంకయ్య మరో నలుగురితో కలిసి ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. పడవ మాణిక్యానిది, జెండా దూరం నుంచే కనపడింది. గెడ వేస్తున్నది మాత్రం మాణిక్యం కాదు, ఆ ఊరి ముసలాయన కన్నియప్ప. ఆయన పడవను తొడ లోతు నీళ్ళల్లో ఆపి, తాడు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఒడ్డున ఉన్నవాడు తాడు అందుకుంటేనే పరాయి ఊరి పడవ దిగడం. అది మర్యాద.

"తాడు అందుకో వెంకయ్యా. చెంబుడు నీళ్ళు తాగి పోతా" అన్నాడు కన్నియప్ప.

"దురాయి ఉండాది పెద్దాయనా. నీళ్ళంటే పడవలోకే పంపిస్తా. దిగేదానికి లేదు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళు జబ్బు కబురూ చావు కబురూ పడవలోంచి అరిచి చెప్పరు. నీళ్ళ మీద అరిస్తే ఆ కీడు నీళ్ళల్లో కలిసి అందరి వలల్లోనూ పడుతుందని నమ్మకం. కబురు తెచ్చినవాడు ఒడ్డు దిగి, కాళ్ళు కడుక్కుని, ఆ ఇంటి నీళ్ళు తాగి, అప్పుడు నోరు విప్పుతాడు. అంతదాకా గుర్తు ఒకటే. తలగుడ్డ తీసి భుజాన వేసుకుని ఉంటాడు.

కన్నియప్ప తలగుడ్డ భుజాన ఉంది. వెంకయ్య చూశాడు. ఉక్కకు తీసుంటాడులే అనుకున్నాడు. అంత ఎండలో తలగుడ్డ తీసే ముసలివాడు ఎక్కడైనా ఉంటాడా? ఉండడని వెంకయ్య కడుపులో ఎవరో అంటూనే ఉన్నారు. కానీ పక్కన నలుగురున్నారు, పడవ మీద ఆ జెండా ఎగురుతోంది, నోట్లో దురాయి ఉంది. ఆ నలుగురూ కూడా చూసే ఉంటారు. పెద్ద చూశాడు గదా, మనకెందుకని ఊరుకున్నారు. కన్నియప్ప చాలాసేపు అలాగే నిలబడి, పెదవులు కదిపి, మళ్ళీ బిగించుకుని, పడవ తిప్పుకున్నాడు.

మంచినీళ్ళకు పోయిన కామమ్మ తిరిగి వచ్చి, పడవ వచ్చిందంట గదా, ఎవరని అడిగింది. ఎవరో, తిప్పి పంపినా అన్నాడు వెంకయ్య. కన్నియప్ప పేరు చెప్పలేదు.

వారం తిరక్కుండానే కామమ్మ ఎండు చేపల గంపతో సూళ్ళూరుపేట పోయింది. రెండు ఒడ్డుల సరుకూ కొనే చోటే సాహెబ్ ఆమెను చూసి, ఏం చెల్లెమ్మా, అమ్మను జూసొచ్చినావా అని అడిగాడు. ఆమె తెల్లమొహం వేసింది. పిచ్చమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని, కూతుర్ని చూడాలని సైగ చేసి అడిగితే కన్నియప్పను పంపారని, పడవను దిగనియ్యలేదని అతనే చెప్పాడు. చెప్పాక ఎందుకు చెప్పానా అనుకున్నాడట. కామమ్మ గంప అక్కడే దించేసి, మద్రాసు పాసింజరెక్కి పొన్నేరిలో దిగి, అక్కణ్ణించి ఎడ్లబండి మీద పొన్నకుప్పం చేరింది. పడవలో పూట ప్రయాణం అది. ఆమె చుట్టూ తిరిగి చేరేసరికి పిచ్చమ్మను మట్టి చేసి ఒక రోజయింది.

పొన్నకుప్పం నుంచి చావు కబురు కూడా విన్నాక చోటే సాహెబ్ ఖాళీ గంప పట్టుకుని పీతలదిబ్బ వచ్చి ఈ సంగతులన్నీ వెంకయ్యకు చెప్పాడు. వెంకయ్య గంప అందుకుని లోపల పెట్టి, మళ్ళీ బయటికి వచ్చి, ఏం చేయాలో తెలియక మళ్ళీ లోపలికి పోయాడు. ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. సిగ్గు ఏడుపు కన్నా పాడుది, అది బయటికి పోదు. ఆ పూట నుంచి ఎవరు పలకరించినా ఊ అనడమే తప్ప నోరు విప్పలేదు. ఆ మనిషి మాట్లాడకుండా ఉండటం ఊరికి కొత్త, భయం కూడా వేసింది.

మూడో నాడు అందరినీ పిలిచి, దురాయి ఎత్తేస్తున్నానన్నాడు. తెలియక పడవను తిప్పి పంపానని, తప్పు తనదేనని నేల మీద పడి దండం పెట్టాడు. దేశం సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరికీ ప్రాణం లేచి వచ్చింది. ఊళ్ళో అందరికన్నా పెద్దదైన ముసలమ్మ మాత్రం ఊరుకోలేదు.

"నువ్వు మాట ఎనక్కి తీసుకోడం ఇదే మొదులు. ఇంకొంచిం ముందే అలవాటు జేసుకోని ఉంటే బాగుండు నాయనా" అంది.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ చెప్పే ఓపిక నాకుండదు. ఆ ఏడాదే వంతులు మళ్ళీ కలిశాయి. పొన్నకుప్పం వాళ్ళు బెట్టు చేస్తారనుకుంటే చెయ్యలేదు, చీట్లలో పేర్లు అలాగే ఉంచారు. ఆ పైయేడు చైనా యుద్ధం వచ్చింది. ఆ తర్వాత విడిపోయే మాట ఎత్తకూడదని చట్టం వచ్చింది, ఆ పార్టీ వాళ్ళే ఆ కోరిక వదులుకున్నారు. జయరామయ్యా సంజీవరావూ మాట్లాడుకోవడానికి ఏమీ లేక కొన్నాళ్ళు దిగులు పడి, ఆ తర్వాత బియ్యం ధరల మీద మొదలుపెట్టారు. అంత పెద్ద రచ్చ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. పిచ్చమ్మ మాత్రం కూతుర్ని చూడకుండానే పోయింది. అది ఏ చట్టంతోనూ మారే సంగతి కాదు.

పిచ్చమ్మ పెద్దదినానికి అల్లుడు కొత్త గుడ్డ తీసుకుపోవాలి. వెంకయ్య కొడుకులను రావద్దని చెప్పి, ఒక్కడే పడవ వేసుకుని పోయాడు. పొన్నకుప్పం ఒడ్డున మాణిక్యం, మరికొందరు నిలబడి ఉన్నారు. వెంకయ్య తొడ లోతు నీళ్ళల్లో పడవ ఆపి తాడు పట్టుకుని నిలబడ్డాడు. మాణిక్యం కదల్లేదు. తిట్టనూ లేదు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది.

కాసేపటికి కామమ్మ ఇంట్లోంచి వచ్చి, అన్న పక్కన నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది గానీ గొంతు ఎప్పటిలాగే ఉంది.

"మా అమ్మకి కడాకరికి కొంచిం మాటొచ్చిందంట. పడవను నువ్వు తిప్పి పంపినావని చెప్తే ఒకటే అనిందంట. తెలిసుంటే ఎంకయ్య అట్ట జెయ్యడు, తెలీకే పంపుంటాడు అని."

ఒడ్డున ఉన్నవాళ్ళందరూ వెంకయ్య వైపు చూశారు. మాణిక్యం తాడు కోసం చెయ్యి కొంచెం ముందుకు చాచాడు కూడా. ఊళ్ళో దండం పెట్టి చెప్పిన మాటే ఇక్కడా చెబితే సరిపోయేది. పిచ్చమ్మే చనిపోతూ ఆ మాట అతని నోటికి అందించి పోయింది. ఊ అంటే చాలు.

వెంకయ్య తాడు పడవలోనే వదిలేశాడు.

"తెలిసే పంపినా. కన్నియప్ప తలగుడ్డ జూసినా. జూసి కూడా పంపినా" అన్నాడు.

ఎన్నో ఉపన్యాసాలు ఒప్పజెప్పిన మనిషికి ఆ మూడు ముక్కలు చెప్పేసరికి ఒళ్ళంతా చెమట పట్టింది. మాణిక్యం చెయ్యి వెనక్కి పోయింది. కామమ్మ అతన్ని చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే వెంకయ్య ఓర్చుకునేవాడే.

"మా అమ్మ ఈ మాట ఇనకుండా పోయింది. అదే మేలు" అంది చివరికి. తర్వాత అన్న వైపు తిరిగి, "తాడు పట్టుకో అన్నా. అన్నం తిని పోతాడు" అంది.

వెంకయ్య ఆ పూట అక్కడ అన్నం తిన్నాడు. వడ్డించింది కామమ్మే. ఎండ తగ్గాక పడవ ఒక్కడే తోసుకుంటూ ఇంటికి వచ్చాడు.